చుట్టపు చూపు సేవ

నేపాల్ దక్షిణ కొసన, బీహార్ సరిహద్దును ఆనుకుని చిత్వన్ జిల్లా ఉంది. ఆ జిల్లాలో రాప్తీ ఏటి ఒడ్డున సౌరహా అనే ఊరు. పశుపతినాథుడికీ ముక్తినాథుడికీ మొక్కులు తీర్చుకోవడానికి వెళ్ళే మనవాళ్ళ యాత్రల్లో కొన్ని ఇప్పుడు ఈ ఊళ్ళో కూడా ఒక రాత్రి మజిలీ వేస్తున్నాయి. అమెరికా, యూరప్ కుర్రకారుకైతే ఇది పాత చిరునామా. అక్కడ దొరికే ఒక రోజు కార్యక్రమం ఇంచుమించు ఇలా ఉంటుంది: పొద్దున బడిలో పిల్లలకు ఇంగ్లిషు పాఠం, లేకపోతే బడిగోడకు రంగు, ఎండెక్కేసరికి ఏట్లో ఏనుగుకు స్నానం, మధ్యాహ్నం అక్కడి ఆదివాసులైన థారూల ఇంట్లో భోజనం, ఆ తర్వాత దోనెలో కొంతదూరం, జీపులో కొంతదూరం తిరిగి మొసళ్ళనూ ఖడ్గమృగాన్నీ చూడటం, రాసిపెట్టి ఉంటే పులిని కూడా, రాత్రికి థారూల కర్రల ఆట. పుణ్యం, పురుషార్థం ఒకే టికెట్టు మీద. ఈ రోజును రెండు ముక్కలు చేస్తే ఒక ముక్కలో మనిషి డబ్బిచ్చి చూస్తాడు, రెండో ముక్కలో డబ్బిచ్చి పని చేస్తాడు. లోకం మెచ్చుకునేది రెండో ముక్కనే. చూసి వచ్చినవాడు ఉత్త టూరిస్టు, చేసి వచ్చినవాడు మంచిమనిషి. నాకు ఈ లెక్క తలకిందులుగా ఉందనిపిస్తుంది. చూసినవాడి డబ్బు చిత్వన్‌లో ఏం చేసిందో చెప్పడానికి అంకెలున్నాయి. చేసినవాడి పని ఏం చేసిందని అడిగితే జవాబు దొరకడం కష్టం. ఆ పనిని తూచడానికి పెద్ద త్రాసు అక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు: ఈ అతిథి రాకపోయినా ఈ పని ఉండేదా?

ముందు ఏనుగు సంగతే చూద్దాం, అందరికీ ముద్దొచ్చేది అదే కనుక. నేపాల్ ప్రభుత్వ గజశాలల్లో ఆనవాయితీ ప్రకారం ఒక్కో ఏనుగుకు ముగ్గురు మనుషులు. పెద్దవాడు ఫణిత్, మిగతా ఇద్దరు పచ్ఛువా, మహుత్. పచ్ఛువా పొద్దున్నే అడవికి పోయి మేత కోసుకొస్తాడు, పేడ ఎత్తుతాడు. తర్వాత కుచీ కడతారు. పొడుగాటి గడ్డిపోచలను చిన్న గూడులా మడిచి, అందులో పిడికెడు వడ్లు, బెల్లం ముక్క, కాస్త ఉప్పు పెట్టి, గింజ జారిపోకుండా అదే గడ్డితో బిగించి ముడివేస్తారు. చేయి తిరిగినవాడు మాట్లాడుతూనే కట్టేస్తాడు. కొత్తవాడు కట్టినది ఏనుగు తొండంతో అందుకునేలోపే విడిపోయి వడ్లు నేలపాలవుతాయి. వాలంటీర్లకు ఈ కుచీ కట్టడం ఒక కార్యక్రమం. పచ్ఛువా పక్కన కూర్చుని నేర్పుతాడు, నవ్వుతాడు, వాళ్ళు వెళ్ళాక విప్పి మళ్ళీ కడతాడు. ఇక స్నానం. నీళ్ళు కనిపిస్తే ఏనుగు తనే దిగుతుంది, తనే తొండంతో పోసుకుంటుంది, పైకొచ్చి మట్టి చల్లుకుంటుంది. ఎవరో వచ్చి బ్రష్షుతో వీపు రుద్దితే తప్ప దానికి గడవదన్న మాట లేదు. అయినా బృందం వెనక బృందం వచ్చినప్పుడల్లా దాన్ని ఏట్లోకి దించుతారు. అతిథికి అది సేవ, ఏనుగుకు ఆ పూటకు రెండో షిఫ్టు. ఇంత దగ్గరితనంలో రెండు వైపులా ముప్పు కూడా ఉంది. మనుషులకు క్షయ తెచ్చే క్రిమే చిత్వన్ పెంపుడు ఏనుగుల్లో బయటపడింది. ఏనుగుల క్షయకు నేపాల్ ప్రత్యేకంగా కార్యాచరణ ప్రణాళిక రాసుకోవలసి వచ్చింది. 2025 జనవరిలో థాయ్‌లాండ్ దక్షిణాన ఒక దీవిలో, ఏనుగుకు స్నానం చేయిస్తున్న స్పెయిన్ విద్యార్థిని దాని దంతం దెబ్బకు చనిపోయింది. అంత బరువున్న జంతువుకు ఆ రోజు ఆ స్నానం వద్దనిపిస్తే చెప్పడానికి వేరే భాష లేదు.

చిత్వన్‌లో అతిథి కోసం ఏనుగుకు పని పెట్టడం ఇవాళ్టిది కాదు. 1911లో ఢిల్లీ దర్బారు ముగించుకున్న ఐదో జార్జి చక్రవర్తి తరాయి అడవులకు వేటకు వచ్చాడు. నేపాల్‌ను అప్పుడు ఏలిన రాణాలు వందలకొద్దీ ఏనుగులను కూడగట్టి అడవిని చుట్టుముట్టించారు, వలయం బిగించుకుంటూ వచ్చి మృగాన్ని తుపాకీ ముందుకు తెచ్చారు. పదకొండు రోజుల్లో చక్రవర్తి బృందం చంపినవి 39 పులులు, 18 ఖడ్గమృగాలు. ఆ రోజుల్లో ఈ అడవిని కాపాడింది ఒకరకంగా మలేరియా దోమే. థారూలు, బోటేలు తప్ప మిగతావాళ్ళు వేసవిలో ఇక్కడ ఉండలేకపోయేవారు. 1950ల్లో అమెరికా సాయంతో డీడీటీ చల్లి మలేరియాను అణచారు. కొండల మీది జనం దిగివచ్చి అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. వందల్లో ఉన్న ఖడ్గమృగాలు 1960ల చివరికి వంద దరిదాపులకు పడిపోయాయి. 1973లో నేపాల్ తన మొదటి జాతీయ ఉద్యానాన్ని ఇక్కడే ప్రకటించి, కొద్దికాలానికే కాపలాకు సైన్యాన్ని దించింది. ఖడ్గమృగానికి అది ప్రాణదానం. ఊళ్ళకు మాత్రం రాత్రికి రాత్రే గడ్డి, కట్టె, చేప అన్నీ నేరమైపోయాయి. ఇంటి కప్పుకు, గోడకు కావలసిన గడ్డి కోసుకోవడానికి ఏడాదికి కొద్ది రోజులు గేట్లు తీసేవారు. నదే జీవనాధారమైన బోటేలకు ఆ వెసులుబాటు కూడా పెద్దగా లేదు. ఉద్యానం లోపల చిక్కుకుపోయిన పదంపూర్ అనే ఊరిని 1990ల నడుమ మొదలుపెట్టి దఫదఫాలుగా బయటికి తరలించారు.

ఇప్పుడు ఈ ఊళ్ళకు నిజంగా ఉన్న పనేమిటో అడగండి. వరి పొట్టకొచ్చే కాలంలో రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు వాయించడం. అర్ధరాత్రి ఖడ్గమృగం పొలంలో దిగితే దివిటీ పట్టుకుని తరమడం. తెగిన కరెంటు కంచె అతకడం. ఏరు కోసేసిన గట్టుకు రాళ్ళు పేర్చడం. మన పలమనేరు, కుప్పం వైపు రైతుకు ఇదంతా విడమరిచి చెప్పనక్కర్లేదు. 1980ల్లో పక్క రాష్ట్రాల నుంచి కౌండిన్య అడవిలోకి ఏనుగులు వచ్చి స్థిరపడ్డప్పటి నుంచి అక్కడి చెరకు రైతుకూ అరటి రైతుకూ రాత్రి కాపలా బతుకులో భాగమైంది. అతిథి రాకపోయినా ఉండే పని అంటే ఇదీ. చిత్రమేమిటంటే సేవ పేరిట వచ్చినవాళ్ళను ఈ పనికి ఎవరూ పిలవరు. పిలవకపోవడమే సబబు కూడా. చీకట్లో ఖడ్గమృగం ఎటు తిరుగుతుందో తెలియనివాణ్ణి మంచె ఎక్కిస్తే కాపలావాడు పంటనూ చూసుకోవాలి, వాణ్ణీ చూసుకోవాలి. అడవిలో మరో అసలైన పని కూడా ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ మైకానియా తీగ చెట్లనూ గడ్డినీ కమ్మేసి ఖడ్గమృగాల మేతను మింగేస్తోంది. దాన్ని పీకడానికి ఎంతమంది ఉన్నా చాలరు. కానీ అది తునకలైతే ప్రతి కణుపూ వేరు పోసుకుంటుంది. తెలియక నరికి పారేస్తే ఒక తీగ బదులు పది తీగలు లేస్తాయి. అందుచేత ఊరికి నిజంగా అవసరమైన పని ఒక రోజు చుట్టానికి చేతకాదు. చేతనైన పని ఊరికి అవసరం లేదు. మధ్యలో ఉన్న ఖాళీని నింపడానికే ఊరు ఒక పని తయారుచేసి ఇస్తుంది.

బడి సంగతీ అంతే. ఒక వాలంటీరు రంగుల పేర్లు, జంతువుల పేర్లు, ఒక పాట నేర్పి వెళ్తాడు. తర్వాత వచ్చినవాడికి మొదటివాడు ఏం చెప్పాడో తెలియదు కనుక మళ్ళీ రంగుల దగ్గరే మొదలుపెడతాడు. పిల్లలకు ఆ పాట కంఠతా వచ్చేసినా కొత్తగా విన్నట్టే చప్పట్లు కొడతారు. పెద్దల మనసు నొప్పించకూడదని వాళ్ళకు తెలుసు. అసలు పంతులు ఆ గంటసేపు గోడకు ఆనుకుని నిలబడతాడు. పిల్లల కళ్ళలో అతని విలువ తగ్గడం ఎవరి ఖాతాలోనూ రాయరు. గోడ రంగు గురించి మనం మరీ వెక్కిరించనక్కర్లేదు. ఏటా అదే గుంతలో మొక్క నాటి ఫొటో దిగే విద్యలోనూ, ఊడ్చిన రోడ్డును మళ్ళీ ఊడ్చే విద్యలోనూ మనం ఎవరికీ తీసిపోం.

గోడకు రంగు ఎక్కువైతే నష్టం లేదు. చిక్కంతా అతిథి కోసం పుట్టించే అక్కర మనిషి రూపంలో తయారైనప్పుడు. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల తల్లిదండ్రుల దగ్గరికి దళారులు వచ్చారు. పిల్లల్ని కాఠ్మండు తీసుకెళ్ళి చదివిస్తామన్నారు. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చి వాళ్ళు పిల్లల్ని పంపారు. నగరం చేరాక ఆ పిల్లలు కాగితాల మీద అనాథలైపోయారు. అలాంటి ఒక ఆశ్రమంలో సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ కానర్ గ్రెన్నన్, ఆ పిల్లల తల్లిదండ్రులు బతికే ఉన్నారని తెలిశాక కాలినడకన కొండలెక్కి వాళ్ళను వెతకడమే పనిగా పెట్టుకున్నాడు. ‘లిటిల్ ప్రిన్సెస్’ అనే పుస్తకం ఆ కథే. నేపాల్‌లోని బాలల ఆశ్రమాల్లో అత్యధిక భాగం కాఠ్మండు లోయలోనూ, పోఖరా ఉన్న కాస్కీ జిల్లాలోనూ, ఈ చిత్వన్‌లోనూ, అంటే విదేశీ యాత్రికుడు తిరిగే చోట్లే ఉండటం యాదృచ్ఛికం కాదు. కరువూ యుద్ధమూ అనాథల్ని మిగిల్చిన చోట ఆశ్రమాలు లేచి ఉంటే అవి హుమ్లాలో ఉండాలి. కంబోడియాలోనూ ఇదే తంతు. 2005లో 153 ఉన్న ఆశ్రమాలు 2010కి 269 అయ్యాయి. ఆ అయిదేళ్ళలో అక్కడ అంతమంది అనాథల్ని మిగిల్చే యుద్ధమూ లేదు, మహమ్మారీ లేదు. ఆంగ్కోర్ గుళ్ళు చూడవచ్చే జనం మాత్రం పెరిగారు. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో నూటికి 77 మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ 2011లో వెలువరించిన అధ్యయనంలో తేలింది. చివరికి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశమే బాలల హక్కుల తీర్మానంలో, పర్యాటకంతో ముడిపడిన ఆశ్రమ సేవలు పిల్లల అక్రమ రవాణాకు దారితీయవచ్చని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చింది. మధ్యాహ్నం వచ్చి పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని సాయంత్రం బస్సెక్కే మనిషి ఏ పాపమూ ఎరగడు. అతను వస్తాడని తెలిసిన దళారీకి మాత్రం ఒళ్ళో కూర్చోవడానికి ఒక పిల్లవాడు కావాలి.

జంతువుల్లో దీని బొమ్మ ఇంకా ముతకగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో తల్లి వదిలేసిందని చెప్పి సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టించే వాలంటీరు కార్యక్రమాలు చాలాకాలం నడిచాయి. తల్లి వదలలేదు, పుట్టిన కొద్ది రోజులకే లాగేశారు. పెరిగి పెద్దవైన సింహాల్లో కొన్ని కంచె లోపల వేటగాడి తుపాకీకి అమ్ముడుపోయాయి. 2015లో వచ్చిన ‘బ్లడ్ లయన్స్’ డాక్యుమెంటరీ దీన్ని బయటపెట్టాక దుమారం లేచింది. 2021లో ఆ దేశ ప్రభుత్వం బోను సింహాల వ్యాపారాన్ని ఆపేస్తామని ప్రకటించింది. థాయ్‌లాండ్ కాంచనబురి దగ్గర పులుల గుడిగా పేరుపడ్డ బౌద్ధాశ్రమంలోనూ వాలంటీర్లు పులిపిల్లలకు పాలు పట్టేవారు. 2016లో అధికారులు అక్కడి నుంచి 137 పులులను తరలించినప్పుడు ఫ్రీజరులో 40 పులికూనల కళేబరాలు దొరికాయి.

ఈ వాదనకు మొదట వచ్చే జవాబు: ఎంతో కొంత మేలే కదా, ఏమీ చేయకుండా కూర్చుని విమర్శించేవాడికంటే గోడకు రంగు వేసినవాడు నయం కాదా? నయమే, పోలిక ఆ ఇద్దరి మధ్యే అయితే. కానీ చిత్వన్‌లో మూడోవాడు ఒకడున్నాడు. సేవ ఊసెత్తకుండా టికెట్టు కొని, ఖడ్గమృగాన్ని చూసి, హోటలు బిల్లు కట్టి వెళ్ళిపోయేవాడు. నేపాల్ 1990ల్లో చట్టం మార్చి, ఉద్యానాల రాబడిలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల బఫర్ జోన్ ఊళ్ళకు చెందాలని నియమం పెట్టింది. ఊరివాళ్ళ కమిటీలే ఖర్చు నిర్ణయించాలి. సౌరహా పక్కనే బాఘ్‌మారా అనే కమ్యూనిటీ అడవి ఉంది, మన వన సంరక్షణ సమితుల వంటి ఏర్పాటు. పశువులు మేసి బోడిగా మిగిలిన నేలలో 1980ల చివర్లో మొక్కలు నాటి ఊరే కాపాడుకుంది. అడవి లేవగానే ఖడ్గమృగాలు వచ్చాయి, వాటి వెనకే టికెట్టు కొన్నవాళ్ళూ వచ్చారు. ఊరికి తన అడవి మీద తనకే రాబడి మొదలైంది. అంతర్యుద్ధంలో సైనిక శిబిరాలు చాలావరకు ఖాళీ అయినప్పుడు వేటగాళ్ళు విజృంభించి, 2000లో చిత్వన్‌లో 544 ఉన్న ఖడ్గమృగాలను 2005కల్లా 372కు దించేశారు. ఆ దెబ్బ నుంచి తేరుకుని 2021 లెక్కల్లో 694కు చేరాయి. నేపాల్ మొత్తం మీద 752. 2009లో 121 ఉన్న పులులు 2022కి 355. ఈ ఘనత అంతా టికెట్టుదే అనను. సైన్యం, ఊరి కాపలా బృందాలు, శిక్షలు అన్నీ కలిస్తేనే అయింది. అయితే కొమ్ము దొంగకు దారి చూపితే వచ్చే డబ్బు ముందు అడవి బతికుంటే వచ్చే డబ్బును నిలబెట్టిందెవరని అడిగితే, ఉత్త టూరిస్టునే చూపించాలి. అతను మంచిమనిషిననిపించుకోవాలని కూడా అనుకోలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఏనుగులు ఇప్పటికే మనుషుల చేతిలో ఉన్నాయి, స్నానాలూ సవారీలూ ఆపేస్తే వాటి కడుపెవరు నింపుతారు? థాయ్‌లాండ్ ఈ ప్రశ్నను రెండుసార్లు ఎదుర్కొంది. 1989లో వరదల తర్వాత అడవుల్లో కలప నరకడం నిషేధించగానే దుంగలు లాగే ఏనుగులకు పని పోయింది. కొన్ని తమ మావటులతో కలిసి బ్యాంకాక్ వీధుల్లో అడుక్కున్నాయి. మిగతావాటిని టూరిజం మింగింది. 2020లో కోవిడ్ వచ్చి శిబిరాలు మూతపడ్డప్పుడు చియాంగ్ మాయ్ చుట్టుపక్కల నుంచి పెద్ద సంఖ్యలో ఏనుగులు కొండదారుల్లో నడుచుకుంటూ కరెన్ తెగవారి ఊళ్ళకు, వాటి సొంత ఊళ్ళకు తిరిగివెళ్ళాయి. పెద్ద ఏనుగు రోజుకు నూరు కిలోలకు తక్కువ కాకుండా మేస్తుంది, అరవై ఏళ్ళు బతుకుతుంది. కనుక డబ్బు కావాలన్నది నిజం, అబద్ధమని ఎవరూ అనలేరు. మేత అతిథి రాకపోయినా ఉండే అక్కర, స్నానం అతిథి వస్తేనే ఉండే అక్కర. మొదటిదానికి డబ్బిచ్చి రెండోదాన్ని వద్దనవచ్చు. చియాంగ్ మాయ్ పరిసరాల్లో కొన్ని శిబిరాలు సవారీ, స్నానం రెండూ మానేసి, ఒడ్డు మీద నుంచి చూడనిచ్చే పద్ధతికి మారాయి. చిత్వన్ ప్రభుత్వ గజశాలలోనూ కొన్ని ఏనుగులకు సంకెళ్ళు తీసి కంచె లోపల వదిలే ఏర్పాటు చేశారు. అలాంటి చోట అతిథికి కాస్త విసుగు పుట్టవచ్చు. ఏనుగు అరగంటసేపు వెదురు విరుచుకు తింటూ ఉంటుంది, ఇటు తిరిగి చూడనైనా చూడదు. ఆ విసుగును భరించే గిరాకీ పెరిగితేనే ఈ శిబిరాలు నిలుస్తాయి. స్నానానికే గిరాకీ ఉన్నంతకాలం గున్నలను తల్లి నుంచి విడదీసి లొంగదీసే పనీ సాగుతుంది. మనిషిని ముట్టనిచ్చే ఏనుగు దానంతటదే తయారుకాదు.

మరి అన్ని రకాల సేవనూ ఒకే గాటన కట్టాలా? కట్టకూడదు. కోస్టారికా దేశపు కరీబియన్ తీరంలో టోర్టుగెరో అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి జనం తాబేళ్ళను పట్టి వెల్లకిలా తిప్పి, ఓడలకు అమ్ముకునేవారు. 1950ల్లో ఆర్చీ కార్ అనే శాస్త్రవేత్త అక్కడ పచ్చ తాబేళ్ళ రెక్కలకు లోహపు బిళ్ళలు గుచ్చి వాటి రాకపోకలు రాయడం మొదలుపెట్టాడు. 1959లో దానికోసం ఒక సంస్థ పుట్టింది, 1970ల్లో జాతీయ ఉద్యానం వచ్చింది, ఆ రాత మాత్రం నేటికీ ఆగలేదు. అక్కడి వాలంటీరు పని ఎలా ఉంటుందంటే, చీకట్లో ఇసుకలో మైళ్ళకొద్దీ నడక, తెల్లటి దీపం వెలిగించకూడదు, ఫొటో తీయకూడదు. తాబేలు గొయ్యి తవ్వుకుని గుడ్లు పెట్టడం మొదలుపెట్టేదాకా దూరంగా కదలకుండా ఉండాలి. అప్పుడు ఒకరు వెనకగా బోర్లా పడుకుని, తొడుగు వేసుకున్న చేతిని గొయ్యిలోకి పోనిచ్చి, జారే ఒక్కో గుడ్డుకూ చేతిలోని మీట నొక్కుతూ లెక్కపెడతారు, నూరూ నూటపదీ దాకా. ఇంకొకరు డొప్ప కొలుస్తారు, మరొకరు బిళ్ళ నంబరు రాసుకుంటారు. ఇక్కడా తాకడం ఉంది. తేడా ఏమిటంటే ఈ పని వాలంటీరు కోసం పుట్టలేదు. అతను రాకపోతే జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకోవాలి. ఒక్క రాత్రికని వచ్చినవాణ్ణి ఈ పనికి దగ్గరికే రానివ్వరు, అతను స్థానిక గైడుకు డబ్బిచ్చి, గుంపులో ఒకడిగా దూరం నుంచి చూసి పోవలసిందే. వారాలు ఉండి నేర్చుకున్నవాడికే ఆ మీట. ఇలాంటి పనికి సముద్రాలు దాటనక్కర్లేదు కూడా. చెన్నైలో విద్యార్థులు 1980ల చివరి నుంచి శీతాకాలపు రాత్రుళ్ళు తీరం వెంట నడిచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లు ఏరి కాపాడుతున్నారు. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో అటవీశాఖ పొదుగుడు కేంద్రాల దగ్గర కాపలా ఉండేది మత్స్యకారుల ఊళ్ళవాళ్ళే.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది, ఇది కాస్త తెలివైనది: సేవ వల్ల ఊరికి ఏం ఒరిగినా ఒరగకపోయినా చేసినవాడు మారతాడు, ఆ మార్పు తర్వాత ఎక్కడో ఫలిస్తుంది. అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాల్లో కాలేజీ దరఖాస్తు కోసం పిల్లల్ని వేసవిలో ఇలాంటి యాత్రలకు పంపడం వింత కాదు. వాళ్ళు అబద్ధమేమీ చెప్పరు, ఆ పూట నిజంగానే కళ్ళు తెరుచుకుంటాయి. కాదనను. కానీ అప్పుడు ఎవరు ఎవరికి సేవ చేసినట్టు? ఊరు చదువు చెప్పింది, పిల్లవాడు నేర్చుకున్నాడు. గురుదక్షిణ ఇచ్చే చోట తనే దాతనని రాసుకుంటే లెక్క తప్పినట్టే. దీన్ని చదువు అని ఒప్పుకుంటే ఎవరికీ చిక్కు లేదు. రుసుము చదువు చెప్పినవాళ్ళకు ముట్టాలి, కుచీ కట్టడం నేర్పిన పచ్ఛువాకు, దోనె నడిపిన బోటేకు, అడవిలో ముందు నడిచిన గైడుకు. చిత్వన్‌లో కాలినడకన అడవిలోకి వెళ్తే ముందొకరు, వెనకొకరు గైడులు ఉంటారు. చేతిలో ఆయుధం వెదురుకర్ర మాత్రమే. ఖడ్గమృగం మీదికొస్తే వంకరటింకరగా పరుగెత్తాలని, చెట్టెక్కాలని, అదీ కుదరకపోతే ఒంటి మీది గుడ్డేదైనా విసిరి దాని దృష్టి మళ్ళించాలని బయల్దేరే ముందే చెబుతారు. చెప్పినవాడు ఆ గుడ్డ విసరవలసిన రోజులు చూసే ఉంటాడు. ఆ తెలివికి కూలి కట్టడం కంటే బడిగోడకు పూసే రంగు ఎందులో గొప్పదో నాకు అర్థం కాదు.

ఊరివాళ్ళే ఇష్టపడి ఈ కార్యక్రమాలు పెడుతుంటే కాదనడానికి నువ్వెవరు అని అడగవచ్చు. ఆట చూపించి డబ్బు తీసుకునే హక్కు ఏ ఊరికైనా ఉంది. రాత్రి కర్రల ఆటలో మోసమేమీ లేదు, ఆడేవాడికీ చూసేవాడికీ అది ఆటేనని తెలుసు. థారూ ఆడవాళ్ళు ఇంట్లో గది అద్దెకిచ్చి, నత్తల కూర వండిపెట్టి డబ్బు తీసుకుంటే అది వ్యాపారం, నిక్కమైన వ్యాపారం. నా పేచీ ఆటను సాయమని అమ్మడంతోనే. ఆ ముసుగు వల్లే అనాథ కాని పిల్లవాడు అనాథవుతాడు, మునిగి లేచిన ఏనుగు మళ్ళీ మునుగుతుంది. అలాగని టికెట్టు డబ్బు గంగాజలమంత స్వచ్ఛమని కూడా అనను. హోటళ్ళు లేచింది ఏటి ఒడ్డున కొన్ని ఊళ్ళలోనే. పులి పశువును ఎత్తుకుపోయేది మరో వైపు ఊళ్ళో. పులులు పెరిగినకొద్దీ మనుషుల చావులూ పెరిగి, 2024 డిసెంబరులో అప్పటి ప్రధాని కె.పి. శర్మ ఓలీయే ఇంత చిన్న దేశానికి 150 పులులు చాలు, మిగతావి వేరే దేశాలకు ఇచ్చేద్దామన్న ధోరణిలో మాట్లాడాడు. కమిటీ డబ్బు రోడ్డుకూ కల్వర్టుకూ పోయి, కంచెకూ పరిహారానికీ ఎందుకు చాలడం లేదని, కమిటీలో కొండల నుంచి దిగివచ్చిన మోతుబరుల మాట చెల్లినంతగా థారూల మాట, బోటేల మాట ఎందుకు చెల్లదని పోట్లాడటానికి అక్కడ మనుషులున్నారు. ఆ పోట్లాట ఏ అతిథీ రాని కాలంలోనూ సాగుతుంది.